ముందే చెప్పి ఉంచాల్సిన మాట

పర్సులో అవయవదాన కార్డు పెట్టుకుని తిరిగే మనిషి రేపు పోతే, ఆ కార్డు చూసి ఏ డాక్టరూ కత్తి పట్టడు. ఈ సంగతి చాలామందికి తెలియదు. కార్డు చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటారు, ఫొటో తీసి స్నేహితులకి పంపుతారు, ఇంట్లో మాత్రం చెప్పరు. ఎందుకు చెప్పరో అందరికీ తెలిసిందే. అమ్మ "పొద్దున్నే అవేం మాటలురా" అంటుంది, భార్య కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. పండగ పూట ఎందుకులే అని వాయిదా వేస్తాం, పండగ కాని పూట గుర్తుకే రాదు. చట్టం ప్రకారం బతికుండగా దాత సంతకం చేసే కాగితం ఫారం 7. దాని మీద ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి, వాళ్లలో ఒకరు దగ్గరి బంధువై ఉండాలి. మనిషి పోయాక కుటుంబం సంతకం చేసేది ఫారం 8. ఆచరణలో ఆసుపత్రి కదిలేది ఈ రెండో కాగితం మీదే. మొదటిది ఎంత పద్ధతిగా నింపి ఉన్నా, ఇంటివాళ్లు వద్దంటే అంతటితో సరి. 2023 సెప్టెంబరు నుంచి ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ప్రతిజ్ఞ నమోదు చేసుకునే ఏర్పాటు వచ్చింది. మంచిదే, కానీ అదీ ఫారం 7కి కొత్త చొక్కా తొడిగినట్టే. మన దగ్గర అవయవదానం ఆగిపోతున్నది మనసు లేక కాదు, ఇంట్లో మాట జరగక అన్నది నా వాదన. దానికి ఆధారాలు చెన్నైలో దొరికినన్ని మన దేశంలో మరెక్కడా దొరకవేమో.

ముందు ఒక లెక్క సరిచూసుకోవాలి. ఒకరు ఎనిమిది మందికి ప్రాణం పోయవచ్చని పోస్టర్లు చెప్తాయి. రెండు కిడ్నీలు, కాలేయం, గుండె, రెండు ఊపిరితిత్తులు, క్లోమం, చిన్నపేగు అన్నీ కలిపితే ఆ లెక్క సరిపోతుంది. కానీ అన్నీ పనికొచ్చే సందర్భాలు అరుదు. అసలు మనలో ఎక్కువమందికి అవయవాలిచ్చే అవకాశమే రాదు. గుండె ఆగి ఇంట్లో పోయినవాళ్ల నుంచి కిడ్నీ గానీ కాలేయం గానీ తీసుకోవడం మన దేశంలో దాదాపు జరగదు. రక్తం అందని కొద్ది నిమిషాల్లోనే అవి పాడవడం మొదలవుతుంది. తలకి దెబ్బ తగిలో, మెదడులో రక్తనాళం చిట్లో ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉండగా మెదడు చనిపోయినవాళ్లే అవయవదాతలు కాగలరు. ఇంట్లో, మంచం మీద, పండు వయసులో పోయేవాళ్లు ఇవ్వగలిగేవి ప్రధానంగా కళ్లు, చర్మం. అంటే రెండు రకాల చావులకి రెండు రకాల దానాలు. రెండింటికీ గడువు గంటల్లోనే. రెండింట్లోనూ తేల్చి చెప్పాల్సింది పోయిన మనిషి కాదు, పక్కనున్నవాళ్లు.

ఆ గంటల్లో పక్కనున్నవాళ్ల బుర్రలో ఏం తిరుగుతుందో చూడాలంటే తెలుగు పేపర్లు వాడే ఒక మాట దగ్గర ఆగాలి. జీవన్మృతుడు. బతికుండీ చచ్చినవాడు అని దాని అర్థం. వినసొంపుగా ఉంది గానీ నా దృష్టిలో ఈ ఒక్క మాట చేసిన నష్టం ఏ మూఢనమ్మకమూ చెయ్యలేదు. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి బతికీ చచ్చీ మధ్యలో లేడు, చనిపోయాడు. 1994లో వచ్చిన మానవ అవయవాల మార్పిడి చట్టం ఆ మరణాన్ని మరణంగానే గుర్తించింది. మరి ఒళ్లు వెచ్చగా ఎందుకుంది, మానిటర్ మీద గీత ఎందుకు ఎగురుతోంది? గుండెకి సొంత లయ ఉంది. ఆక్సిజన్ అందినంతసేపూ మెదడు ఆజ్ఞ లేకుండానే అది కొట్టుకుంటుంది. కరెంటు పోయాక ఇన్వర్టర్ మీద తిరిగే ఫ్యాను లాంటిది అది. కోమా వేరు. కోమాలో ఉన్నవాళ్ల మెదడు దెబ్బతిన్నా బతికే ఉంటుంది, చాలామంది సొంతంగా ఊపిరి తీసుకుంటారు, కొందరు కోలుకుంటారు. మెదడు కాండం చనిపోయాక వెనక్కి వచ్చినవాళ్లు లేరు.

ఆ తేడాని డాక్టర్లు ఎలా తేలుస్తారో తెలిస్తే సగం భయం పోతుంది. మొదట, మెదడు చనిపోయినట్టు భ్రమ కలిగించేవి ఏవీ లేవని రూఢి చేసుకుంటారు: మత్తుమందు ప్రభావం, ఒళ్లు బాగా చల్లబడిపోవడం, విషం. మన పల్లెల్లో కట్లపాము కాటు అచ్చం ఇలాంటి స్థితినే తెచ్చిపెడుతుంది. కనురెప్ప కూడా కదలని ఆ మనిషి విరుగుడు మందుతో, వెంటిలేటర్ సాయంతో లేచి కూర్చోవచ్చు. అందుకే ఈ జాగ్రత్త. ఆ తర్వాత కంట్లో టార్చి వేసి చూస్తారు, కనుపాప ముడుచుకోదు. దూది కొసతో నల్లగుడ్డు మీద తాకిస్తారు, రెప్ప వాలదు. చెవిలోకి మంచులాంటి నీళ్లు పంపుతారు, కళ్లు కదలవు. గొంతులో గొట్టం కదిపితే దగ్గు రాదు. చివరిది శ్వాస పరీక్ష. ఒంటినిండా ఆక్సిజన్ పట్టించి, వెంటిలేటర్ విడదీసి, సన్నటి గొట్టంలో ఆక్సిజన్ మాత్రం వదులుతూ, ఛాతీ మీద గుడ్డ తీసేసి చూస్తూ నిలబడతారు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ, ఏమాత్రం ప్రాణమున్న మెదడైనా ఊపిరి తీసుకోమని ఒంటిని తరుముతుంది. ఆ వాయువు పీడనం 60 మిల్లీమీటర్లు దాటినా పొట్ట గానీ ఛాతీ గానీ కదలకపోతే, ఆ ఆజ్ఞ ఇచ్చేవాడు ఇక లేడన్నమాట. ఇంత చేసినా అక్కడితో తేల్చరు. కనీసం ఆరు గంటలు ఆగి మొత్తం పరీక్షలు మళ్లీ మొదటి నుంచి చేస్తారు. నలుగురు డాక్టర్లు ఫారం 10 మీద సంతకం చెయ్యాలి: ఆసుపత్రి బాధ్యుడు, ఆమోదిత జాబితాలోని నిపుణుడు, నరాల వైద్యుడు లేదా ఆ అర్హత ఉన్న మరొకరు, చికిత్స చేస్తున్న డాక్టరు. అవయవం అమర్చే బృందంలోని వాళ్లెవరూ ఆ నలుగురిలో ఉండకూడదు.

ఇక చెన్నై దగ్గరికి వద్దాం. నెల్లూరు నుంచీ చిత్తూరు నుంచీ వచ్చే మన రోగులు దిగే సెంట్రల్ స్టేషన్‌కి ఇప్పుడు ఎం.జి.ఆర్. పేరుంది. 1984లో ఆ ముఖ్యమంత్రి కిడ్నీ మార్పిడి కోసం న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ దాకా వెళ్లాల్సివచ్చింది, కిడ్నీ ఇచ్చింది అన్నగారి కూతురు. ఇవాళ ఆయన పేరున్న స్టేషన్ ఎదురుగానే, రోడ్డు దాటితే, రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఆ ఆపరేషన్ చేస్తారు. ఈ మార్పులో సర్జన్ల పాత్ర కొంతే. కత్తి పట్టే నేర్పు మనకి ముందు నుంచీ ఉంది. వేలూరు సి.ఎం.సి.లో 1971లోనే కిడ్నీ మార్పిడి చేశారు. రాజమండ్రిలో పుట్టిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో మొదటిసారి గుండె మార్పిడిని విజయవంతంగా చేశారు. లేనిదల్లా అడిగే ఏర్పాటు. 1997లో డాక్టర్ సునీల్ ష్రాఫ్ చెన్నైలో మోహన్ ఫౌండేషన్ పెట్టి, కుటుంబాలతో మాట్లాడే సమన్వయకర్తలకి శిక్షణ మొదలుపెట్టారు. 2008లో తమిళనాడు ప్రభుత్వం వరసగా ఉత్తర్వులిచ్చి, మరణించినవారి అవయవాల మార్పిడి కార్యక్రమం మొదలుపెట్టింది. అది తర్వాత ట్రాన్స్‌టాన్ అనే సంస్థగా మారింది. మన దగ్గర అలాంటి కార్యక్రమమే జీవన్‌దాన్, 2013లో వచ్చింది.

ఆ 2008 సెప్టెంబరులోనే చెన్నై దగ్గర్లో జరిగిన ప్రమాదంలో పదిహేనేళ్ల అబ్బాయి మెదడు చనిపోయింది. తల్లిదండ్రులిద్దరూ డాక్టర్లు. పోలీసులు దారి ఖాళీ చేయిస్తే తేనాంపేట నుంచి మొగప్పైర్‌కి ఆ అబ్బాయి గుండె పదకొండు నిమిషాల్లో చేరి, ఒక చిన్నపిల్లకి అమరింది. ఊరంతా ఆ పదకొండు నిమిషాల గురించి మాట్లాడుకుంది, సినిమాలు వచ్చాయి. నాకు మాత్రం ఆ కథలో అసలు సంగతి ఆ రోడ్డు మీద జరగలేదనిపిస్తుంది. ఆ తల్లిదండ్రులకి బ్రెయిన్ డెత్ అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆ ఘోరం జరగకముందే వాళ్లకి అది తెలుసు. మిగతావాళ్లు అదంతా ఐసీయూ బయట కుర్చీల్లో కూర్చుని, ఏడుస్తూ, గంటో రెండు గంటల్లోనో కొత్తగా నేర్చుకోవాలి. అందులోనూ తెలుగు కుటుంబమైతే తమిళంలోనో ఇంగ్లీషులోనో విని నేర్చుకోవాల్సిరావచ్చు. అప్పటిదాకా ఇంట్లో ఆ మాటే ఎత్తని కుటుంబం వద్దంటే తప్పు పట్టలేం.

చట్టం మారిస్తే చాలదా, కాదనకపోతే ఇచ్చినట్టే అని రాసేస్తే పోదా అనేవాళ్లున్నారు. స్పెయిన్‌ని చూపిస్తారు. నిజమే, అక్కడ 1979లోనే అలాంటి చట్టం చేశారు. కానీ పదేళ్లు గడిచినా దాతల సంఖ్య పది లక్షల జనాభాకి 14 దగ్గరే ఉంది. 1989లో జాతీయ సంస్థ పెట్టి, ప్రతి పెద్ద ఆసుపత్రిలో కుటుంబాలతో కూర్చుని మాట్లాడే శిక్షణ పొందిన డాక్టర్లని నియమించాకే అది పెరుగుతూ వచ్చి 2023కి 49 దగ్గరికి చేరింది. చట్టం ఏం చెప్పినా అక్కడ ఇప్పటికీ కుటుంబాన్ని అడిగే చేస్తారు. మన దేశంలో ఆ సంఖ్య ఒకటి కూడా లేదు. తమిళనాడులో 2024లో 268 మంది దాతలయ్యారు, అంటే పది లక్షలకి సుమారు మూడున్నర. తెలంగాణలో అదే ఏడాది 188 మంది. 2023 సెప్టెంబరులో తమిళనాడు ముఖ్యమంత్రిగా స్టాలిన్ దాతల అంత్యక్రియలు ప్రభుత్వ లాంఛనాలతో చేస్తామని ప్రకటించారు. ముందటేడు 178 ఉన్న సంఖ్య 268కి పెరగడం దాని చలవేనని నేను అనను. కానీ వీధి చివర కలెక్టరు దండ పట్టుకుని నిలబడితే, ఆ వీధిలోని ప్రతి ఇంట్లోనూ ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ మాట రాక తప్పదు.

అభ్యంతరాల్లో అన్నిటికంటే బలమైనది డబ్బు గురించి. పేదవాడి కిడ్నీ డబ్బున్నవాడికి పోతుందన్న అనుమానం గాలిలోంచి పుట్టలేదు. చెన్నైలోని విల్లివాక్కానికి ఒకప్పుడు కిడ్నీవాక్కం అని పేరు పడింది. సునామీ తర్వాత 2007లో ఎర్ణావూరు పునరావాస కాలనీలో మత్స్యకార మహిళలు కిడ్నీలు అమ్ముకున్న సంగతి బయటపడింది. ఇవి దాచాల్సినవి కావు. అయితే అక్కడ అమ్ముడుపోయినవి బతికున్నవాళ్ల కిడ్నీలని గమనించాలి. చనిపోయినవాళ్ల నుంచి రావలసినవి మట్టిలోనూ మంటలోనూ కలిసిపోతుంటే, ఆ కొరతే దళారీకి పెట్టుబడి. మరణానంతర దానం పెరిగినకొద్దీ ఆ వ్యాపారానికి గిరాకీ తగ్గుతుంది. ఇక చనిపోయిన దాత విషయంలో ఎవరికి ఇవ్వాలన్నది డాక్టరు ఇష్టం కాదు. రాష్ట్ర స్థాయి జాబితా, రక్తం గ్రూపు, రోగి పరిస్థితి, నమోదైన తేదీ చూస్తారు. అవయవాలు సేకరించిన ఆసుపత్రికి కొంత వాటా ఉంటుంది, మిగతావి వరస ప్రకారం వెళ్తాయి. విదేశీయులకి గుండెలు వెళ్లాయన్న వివాదం 2018లో చెన్నైని గట్టిగానే కుదిపింది. దేశంలో సరిపోయే రోగి ఎవరూ లేనప్పుడే విదేశీయుడి వంతు రావాలన్నది నియమం. నియమం ఉన్నంత మాత్రాన పాటిస్తారా అంటే, కాపలా ఉండాల్సిందే. కాపలా లేదని ధాన్యం తగలబెట్టుకోం కదా. దాత కుటుంబానికి అయ్యే ఖర్చు గురించి కూడా చెప్పాలి. సమ్మతి ఇచ్చాక దాత శరీరాన్ని కాపాడటానికీ అవయవాల సేకరణకీ అయ్యే ఖర్చులో ఒక్క రూపాయి కూడా ఆ కుటుంబం కట్టనక్కర్లేదు.

ఈ డబ్బు చర్చలో మనం మాట్లాడని సంగతి ఇంకొకటుంది. 2023లో దేశమంతా కలిపి 18,378 అవయవ మార్పిడులు జరిగితే, 15 వేలకి పైగా బతికున్నవాళ్లు ఇచ్చినవే. ఆ ఇచ్చినవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు: భార్యలు, తల్లులు, అక్కచెల్లెళ్లు. తీసుకున్నవాళ్లలో అత్యధికులు మగవాళ్లు. చనిపోయినవాళ్ల నుంచి తీసుకోవడానికి మనకి మనసొప్పని ప్రతిసారీ, బతికున్న ఒక ఆడమనిషి ఒంటి మీద కోత పడుతోంది. "ఇంట్లో మనిషే ఉండగా" అంటూ ఆవిడ మీద పడే ఒత్తిడిని త్యాగం అని పిలుచుకుంటున్నాం. ఎక్కడా సంతకం లేని ఒప్పందం అది.

దేవుడి అభ్యంతరం ఎక్కువసేపు నిలవదు. అంగం లేకుండా పోతే వచ్చే జన్మలో అంగం లేకుండా పుడతారన్న భయాన్ని తర్కంతో ఓడించలేం, కథే దానికి విరుగుడు. చెన్నైకి మూడు గంటల దూరంలో ఉన్న శ్రీకాళహస్తిలో, శివుడి రెండో కన్ను ఎక్కడుందో కాలి బొటనవేలితో గుర్తు పెట్టుకుని తన కన్ను పీకబోయిన తిన్నడికి మనం గుడ్డితనం రాసిపెట్టలేదు, కన్నప్ప అని పేరు పెట్టి కొండ మీద గుడి కట్టాం. దధీచి వెన్నెముక ఇచ్చాడు, శిబి తొడ కోసిచ్చాడు. ఈ కథల్లో నాకు నచ్చే సంగతి ఇంకొకటుంది. దధీచి దగ్గరికి దేవతలు వచ్చి నోరు తెరిచి అడిగారు. అడగకపోతే ఆయన ఎముకలు ఆయనతోనే పోయేవి. మతంతో పని లేదనుకునేవాళ్లకి వేరే దారుంది. మద్రాసులో తెలుగు ఇంట పుట్టిన కమ్యూనిస్టు నాయకుడు సీతారాం ఏచూరి 2024 సెప్టెంబరులో పోతే కుటుంబం దేహాన్ని ఎయిమ్స్‌కి అప్పగించింది. దేహదానం, అవయవదానం ఒకటి కావని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. కళ్లిచ్చాక దేహాన్ని మెడికల్ కాలేజీ తీసుకుంటుంది. లోపలి అవయవాలు తీశాక, లేదా శవపరీక్ష జరిగాక సాధారణంగా తీసుకోరు. ఈ రెండింట్లో ఏది కావాలో మీరు తేల్చి చెప్పకపోతే, ఆ పూట మీ పిల్లలు దాని మీద తగవుపడతారు.

కాబట్టి చెప్పడం ఎలా? పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయో చెప్పే రోజున, అదే గొంతుతో, "నాకేమైనా అయితే పనికొచ్చేవన్నీ ఇచ్చెయ్యండి, నన్ను తలుచుకుని సందేహపడకండి" అంటే చాలు. చట్టం దగ్గరి బంధువులుగా లెక్కపెట్టేది భార్యాభర్తలని, పిల్లల్ని, తల్లిదండ్రుల్ని, తోబుట్టువుల్ని, తాతామామ్మల్ని, మనవలని. కానీ నిజంగా ఆ గదిలో మాట చెల్లేది బావగారిదో మేనమామదో అయితే, ఆయన చెవిన కూడా వెయ్యండి. చాలా ఇళ్లలో కాగితం మీద సంతకం ఒకరిది, గొంతు మరొకరిది. వాళ్ల ఇష్టం కూడా అడగండి. మీరు చెప్పినంతసేపూ నవ్వేసిన మామ్మ, "నా కళ్లు మాత్రం తీసుకోండర్రా" అనవచ్చు. ప్రమాద మరణమైతే శవపరీక్ష ఎలాగూ తప్పదు కాబట్టి దానం వల్లే ఆలస్యమవుతుందన్న బెంగ వద్దు. సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా శవపరీక్ష చెయ్యవచ్చని, అవయవదానం కోసమైతే దానికి ప్రాధాన్యం ఇవ్వాలని 2021 నవంబరులో కేంద్రం చెప్పింది.

మామ్మ కళ్ల దగ్గరికే వద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో నిజంగా జరిగే అవకాశం ఉన్నది ఇదే. చెన్నై ఎగ్మూరు ప్రభుత్వ కంటి ఆసుపత్రి 1819 నాటిది. అక్కడే 1948లో డాక్టర్ ఆర్.ఇ.ఎస్. ముత్తయ్య దేశంలో మొదటి కార్నియా మార్పిడి చేశారు. హైదరాబాద్‌లో, మద్రాసు తెలుగు సినిమా పెద్ద ఎల్.వి. ప్రసాద్ పేరున్న సంస్థలో రామాయమ్మ ఐ బ్యాంక్ ఉంది. మామ్మకి తొంభై ఏళ్లయినా, కళ్లద్దాలున్నా, శుక్లం ఆపరేషన్ అయినా, షుగరున్నా కళ్లివ్వచ్చు. ఎయిడ్స్, హెపటైటిస్, రేబిస్, రక్త క్యాన్సర్ లాంటివి ఉంటే తీసుకోరు. వాడేది కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర. ఇప్పుడు దాన్ని పొరలుగా కూడా విడదీస్తున్నారు. 2021లో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ రెండు కళ్లు నలుగురికి చూపునిచ్చాయి. గడువు ఆరు గంటలు. పోయిన వెంటనే రెప్పలు మూసి, తడి దూది పెట్టాలి. తల కింద దిండు వేసి అరడుగు ఎత్తు చెయ్యాలి. ఏసీ ఉంటే వేసి ఉంచాలి, ఫ్యాను మాత్రం ఆపాలి, గాలికి కార్నియా ఎండిపోతుంది. ఏడుస్తూ వచ్చిన చుట్టాల్లో ఎవరో ఒకరు ఉక్కగా ఉందని స్విచ్చి వేస్తారు, దాని దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. ఐ బ్యాంక్‌కి ఫోన్ చేసే పని ఏడవలేని ఒక అల్లుడికో, పక్కింటాయనకో అప్పగించండి. ఆ నంబరు ముందే క్యాలెండర్ మీద, గ్యాస్ బుకింగ్ నంబరు కింద రాసి ఉండాలి. వాళ్లే ఇంటికి వస్తారు, డెత్ సర్టిఫికెట్ చూస్తారు, ఇంటివాళ్ల సంతకం తీసుకుంటారు, పరీక్ష కోసం కొద్దిగా రక్తం తీసుకుంటారు. తలుపు దగ్గరగా వేసుకుని పావుగంటో ఇరవై నిమిషాలో పని చేసుకుంటారు. కనుగుడ్డు మొత్తం తీస్తే ఆ చోట ప్లాస్టిక్ అచ్చు పెట్టి రెప్పలు మూస్తారు, ముఖం అలాగే ఉంటుంది. వాళ్లు వెళ్లాక ఫ్యాను వేసుకోవచ్చు, బొట్టు పెట్టవచ్చు, మిగతా కార్యం ఎప్పటిలాగే జరుపుకోవచ్చు.